సొంత బాధ మీద ఆల్బమ్ చేస్తే మన దిక్కు ఇంటరా? అచ్చంపేట తమ్మికి నా జవాబు

తమ్మి అడిగింది కుదించి చెప్తే ఇది. అచ్చంపేట దిక్కు ఊరు, ఆరేండ్ల సంది యూట్యూబ్ చానళ్లకు ఫోక్ పాటలు పాడుతుండు, బావామరదళ్ల పాటలు, పెండ్లి పాటలు, డీజే పాటలు. ఈ నడుమ అమెరికాల కంట్రీ పాటలు, అంటే ఆడి పల్లె పాటలు పాడే సింగర్ ఒకాయన కొత్త ఆల్బమ్ ఇన్నడంట. ఒక గిటారు, ఒక గొంతు, తండ్రి సచ్చిపోయినంక ఆయన లోపల నడిచిందంత పది పాటలల్ల పెట్టిండు. అది ఇన్నకాంచి నిద్ర పడ్తలేదు అన్నా, నేను గూడ మా నాయిన మీద, బొంబాయి వలస మీద ఇసొంటి ఆల్బమ్ చేస్తే మన దిక్కు ఎవలన్న ఇంటరా, ఎట్ల మొదలువెట్టాలె అని అడిగిండు. నమూనాకు నాలుగు లైన్లు రాసిండు. ఆఖరికి, పాటకు సంబంధం లేనట్టు ఇంకో మాట రాసిండు: నాయిన పోయి మూడేండ్లయింది, ఆయన బొంబాయి తీస్కపోయిన రేకు పెట్టె ఇంక మంచం కిందనే ఉంది, దాని మీద నాయిన పేరు లేదు, కూలోళ్లను గుంపుగ తీస్కపోయే గుంపు మేస్త్రి పేరు ఉంది, ఇంతవరకు తాళం తియ్యలే అని.

జవాబు ముందుగాల్నే చెప్తున్న. చెయ్యి తమ్మీ. ఇంటరు. డీజే పాట ఇన్నంత మంది ఇనరు, గది మనసుల పెట్టుకోని దిగు. ఇంకోటి, ఆ అమెరికా ఆయన లెక్క నీతోని నువ్వే మాట్లాడుకున్నట్టు రాస్తే మన బాసల ఆ పాట నిలవడది. మన దిక్కు లోపలి పాట ఎవలనో ఒకలను పిలిచి చెప్తది. నేను చెప్పేదానికి మూలం గదే, మిగిలిందంత ఎందుకు, ఎట్ల అనే ముచ్చట.

నేను పాటగాన్ని కాదు, ముందే చెప్పుకుంట. డోలక్ కొట్టేటోన్ని. తెలంగాణ ఉద్యమం టైంల ధూంధాం పాటల స్టేజీల మీద తిరిగిన, అటెన్క కల్వకుర్తిల చిన్న రూము తీస్కోని రికార్డింగు మొదలువెట్టిన. పన్నెండేండ్లు దాటింది. దేవరకొండ, కొల్లాపూర్, మునుగోడు, గద్వాల, అన్ని దిక్కుల నుంచి వచ్చి పాడిపోయిన్రు. నూటికి తొంభై డీజే పాటలే, అబద్ధం ఎందుకు. నువ్వు అడిగిన తీరు పాటలు ఒక ఇరవై దాకా చేసిన, అండ్ల సగం చెడగొట్టిన. ఆ చెడగొట్టినకాడ నేర్సుకున్నదే చెప్తున్న.

ఇగ నీ నాలుగు లైన్లు. "నా మనసొక ఎడారి, నీ జ్ఞాపకాలు ఇసుక రేణువులు" అని రాసినవ్. అచ్చంపేటల ఎడారి యాడుంది తమ్మీ? పొద్దుగాల లేస్తే నల్లమల కనవడ్తది నీకు. కోపానికి రాకు, ఇది నీ ఒక్కని తప్పు గాదు, లోపలి బాధ అనంగనే మనకు సినిమా పాటల బాస యాదికొస్తది, మనసు, ఎడారి, మౌనం, గాయం. ఈ మాటలు ఎవలయిన రాయొచ్చు, ఎవల నాయిన మీదయిన రాయొచ్చు. రేకు పెట్టె మీద మేస్త్రి పేరు మాత్రం నువ్వే రాయగల్గుతవ్. కంట్రీ పాటల బలం గూడ గదే, బాధ అనే మాట అనరు, వంటింట్ల టేబుల్ చెప్తరు, ట్రక్కు చెప్తరు, రైలు కూత చెప్తరు. ఆ పాట గూడ మనసొంటోళ్ల కాడ పుట్టిందే మరి. 1927ల అమెరికాల బ్రిస్టల్ అనే ఊర్ల రికార్డింగు పెట్టి కొండల పంట్ల పాడేటోళ్లను పిలిచిన్రు, అండ్ల పేరువడ్డ జిమ్మీ రోజర్స్ రైల్వేల పనిచేసినోడు. వాళ్లకు రైలు ఎట్లనో మనకు బొంబాయి బస్సు గట్ల.

పిలిచి చెప్పుడు అన్న గదా, అది ఏందో చెప్త. మనూర్లల్ల లోపల ఉన్నది బయటికి తీసి పాడిన సందర్భాలు ఏమేం ఉన్నయో యాదిచేస్కో. ఇంట్ల మనిషి పోతే ఆడోళ్లు ఏడుస్తరు సూడు, అది ఏడుపే గాదు, పాట. ముసలామె పెనిమిటి శవం కాడ గూసోని పెండ్లినాటి సంగతుల కెల్లి నిన్నటి దాకా లెక్క చెప్తది, నన్ను ఎవలకు అప్పజెప్పి పోయినవురో అని. తన బతుకంత చెప్పుకుంటది గానీ ఆయన మొకం సూసే చెప్తది. పీర్ల పండుగకు పాడే పాటలు గట్లనే. రాత్రి పూట ఏక్‌తార పట్టుకోని తత్వాలు పాడేటోళ్లు గూడ ఓ మనసా అనో, ఓ గురువా అనో, ఓ చిలుకా అనో పిలిచే మొదలువెడ్తరు. ఒంటరిగ గూసోని "నేను ఇట్ల ఉన్న, నేను అట్ల ఉన్న" అని పాడుడు మనకు అలవాటు లేదు, ఇనేటోనికి గూడ అది జర ఎబ్బెట్టుగ ఉంటది, ఈడెవడ్రా తన గొప్పలు చెప్పుకుంటుండు అనిపిస్తది.

బాసల గూడ కారణం ఉంది. ఇంగ్లీషుల ప్రతి లైనుకు ఐ అనాలె, తప్పదు. మనకు "పోయిన" అంటే సాలు, ఎవడు పోయిండో తెలుస్తది. నువ్వు రాసిన నాలుగు లైన్లల్ల నేను, నా, నాకు కలిపి ఏడుసార్లున్నయ్, లెక్కవెట్టిన. అన్ని తీసెయ్. ఒక్కటి గూడ అక్కర లేదు.

ఇగ నీ రేకు పెట్టె పట్టుకోని నేను ఒక పల్లవి అనుకున్న. నచ్చితే వాడుకో, నచ్చకుంటే వదిలెయ్, నాకేం పట్టింపు లేదు.

బస్సు ఎల్లిందా నాయినా
బర్లు ఇల్లు జేరకముందే

మొదటి చరణంల చిన్న పోరడు అడుగుతుండు. సాయంత్రం బర్లు ఇంటికి రాకముందే గుంపు మేస్త్రి అందరిని బస్సెక్కించిండు, పోరడు మోరీ మీద నిలవడి అడుగుతుండు. పెట్టె మీద పేరు ఈ చరణంలనే రావాలె. రెండో చరణంల అదే పోరడు పెద్దగయ్యిండు, తనే పట్నం బస్సెక్కిండు, నాయిన మొకం సూడాల్సి వస్తదేమోనని జల్ది ఎల్లాలని కోరుకుంటుండు. ఇక్కడ అదే లైను కొంచెం సిగ్గుతోని వస్తది. మూడో చరణంల అమ్మ ఫోను చేస్తది, దసరాకు వస్తున్నవా, బస్సు ఎల్లిందా నాయినా అని. మన దిక్కు అమ్మ కొడుకును గూడ నాయినా అనే పిలుస్తది గదా! మాట ఒక్కటే, మొదట కొడుకు తండ్రిని పిలిచినట్టు, ఆఖర్ల తల్లి కొడుకును పిలిచినట్టు. ఎల్లుడు అంటే మొదట ఇడిసిపెట్టి పోవుడు, ఆఖర్ల ఇంటికి బయిలెల్లుడు. పల్లవిల అక్షరం మారొద్దు, చరణం చరణానికి దాని అర్థం మారాలె. మంచి కంట్రీ పాట రాసేటోళ్లు చేసే పని ఇదే, మనకయితే బాసనే సగం చేసిపెడ్తది.

దీని మీద ఇంత సేపు ఎందుకు చెప్తున్న అంటే, వచ్చేటోళ్లంత నన్ను అడిగేది మైకు ఏది, సౌండు మార్చే ప్లగిన్ ఏది అనే. పాట లేకుంటే మైకు ఏం జేస్తది.

వంత సంగతి. నీకు ఇది పెద్ద కష్టం కాబోతది, ముందే చెప్తున్న. ఆరేండ్లు ఫోక్ పాడినవ్ కాబట్టి నీ గొంతుకు వంత అలవాటు. నువ్వు ఒక లైను పాడ్తవ్, నలుగురు దాన్నే ఎత్తుకుంటరు, ఆ సందుల నువ్వు ఊపిరి తీస్కుంటవ్, ఇనేటోడు గూడ మాట అర్థం చేస్కుంటడు. ఒక్కనివే పాడినప్పుడు ఆ సందు ఉండదు. కొత్తగ చేసేటోళ్లంత ఆ సందును మాటలతోని నింపుతరు, రెండు నిముషాలకే ఇనేటోనికి ఆయాసం వస్తది. వంత తీసేసినకాడ వంత అంత ఖాళీ ఇడువు. లేదంటే వాయిద్యంతోని జవాబు ఇప్పియ్యి, ఒక్క తీగ, ఒక్క వరస. దేవరకొండ దిక్కు నుంచి వచ్చిన ఒకామె పాటకు వంత లేకుంటే పాడొస్తలేదు అంటే, ఆమె అక్కను పక్కన గూసోబెట్టి మెల్లగ "ఊ" కొట్టమన్న, కథ ఇంటుంటే ఊ కొడ్తరు సూడు, గట్ల. ఆ ఊ రికార్డుల అట్లనే ఉంది. పాటల అందరికి నచ్చింది గదే.

వాయిద్యాల ముచ్చటకొస్తే, గిటారే కావాలని ఏం లేదు, వద్దని గూడ అనను. ఒక మనిషి, ఒక తీగ వాయిద్యం అనేది మనకు కొత్త సంగతి గాదు. 2022ల పద్మశ్రీ వచ్చిన దర్శనం మొగులయ్యది నీ పక్క ఊరే అనుకోవాలె, లింగాల మండలం అవుసలికుంట. పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకోని ఒక్కడే పండుగ సాయన్న కథ పాడ్తుంటే ఇంక బ్యాండు ఎందుకు? 2024ల పద్మశ్రీ వచ్చిన దాసరి కొండప్పది నారాయణపేట జిల్లా దామరగిద్ద, ఆయన బుర్రవీణ. నీకు కిన్నెర వాయించేటోళ్లు దొరికితే అదృష్టం, కానీ ఒక్కటి మతిల పెట్టుకో, కిన్నెర శృతికి గిటారును తెచ్చుకోవాలె గానీ గిటారు శృతికి కిన్నెరను గుంజొద్దు. ట్యూనర్ యాప్ ఎర్ర లైటు సూపెడ్తది, సూపెట్టనీ. ఏది దొరకకుంటే ఏక్‌తార, చిడతలు సాలు. డప్పు మాత్రం ఈ ఆల్బమ్‌ల ఒక్క పాటకే ఉంచుకో, అది గూడ దూరం నుంచి ఇనవడ్డట్టు.

నేను చెడగొట్టిన పాట ఒకటి చెప్త. తొమ్మిది పదేండ్ల కింద ఒక తమ్ముడు వాళ్లమ్మ మీద పాట తెచ్చిండు. గొంతు బంగారం. నేను అప్పుడే కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చిన ఉషారు మీదున్న, చెవుల టక్ టక్ అని తాళం చెప్పే క్లిక్కు పెట్టి పాడిచ్చిన, ఎన్క వయొలిన్ సప్పుడు పరుపు లెక్క పరిచిన, రివర్బ్ గుడిల పాడినట్టు ఏసిన, పైకెల్లి స్వరం సరిచేసే ఆటోట్యూన్. ఆ పోరడు అమ్మా అనేకాడ స్వరం జర కిందికెల్లి జారి పైకి వచ్చేది, ఏడుపు ఆపుకున్నట్టు. ఆటోట్యూన్ అది తప్పు అనుకోని సక్కగ గుంజి సమానం చేసింది. పాట తీస్కపోయి వాళ్లమ్మకు ఇనిపిస్తే, మంచిగుంది గానీ ఎవలు పాడిన్రు బిడ్డా అని అడిగిందంట. వాడు నవ్వుకుంటనే చెప్పిండు, నాకు మాత్రం ఆ రాత్రి బువ్వ పోలే. మల్ల వారం రోజులకు వాళ్లింటికి పోయి అర్రల, బొంతలు తలుపుకు కట్టి, ఒక్క ఏక్‌తారతోని మొత్తం ఒక్క దమ్ముల రికార్డు చేసిన. మధ్యల మేక ఒకసారి అరిచింది. తియ్యలే.

ఇట్ల ఇంట్ల పాడుకునుడు మన దిక్కే గాదు. అమెరికా పాటగాడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982ల తెచ్చిన నెబ్రాస్కా ఆల్బమ్ ఇంట్ల గూసోని నాలుగు ట్రాకుల క్యాసెట్ మిషన్ మీద పాడుకున్నది. బ్యాండుకు ఇనిపిద్దామని చేసుకున్న నమూనా అది, తర్వాత స్టూడియోల బ్యాండుతోని వాయిస్తే ఆ రుచి రాలేదని క్యాసెట్‌ల ఉన్నదాన్నే బయటికి ఇడిసిండు. అందుకే నీ ఫోన్ల మొదటిసారి పాడుకున్న రికార్డింగులు డిలీట్ చెయ్యకు. స్టూడియో దాకా వచ్చినంక సగం పాటలకు అదే మంచిగుంటది, నవ్వొస్తది గానీ నిజం.

రికార్డింగుకు నీకు కావల్సింది తక్కువనే. మైకును కంప్యూటర్‌కు కలిపే చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, మామూలు కండెన్సర్ మైకు, రికార్డింగు సెట్టింగు 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. మైకుకు జానెడు దూరం, మెల్లగ పాడేకాడ ఇంకొంచెం దగ్గరికి రా. సౌండు మీటరు మైనస్ 12 డీబీ చుట్టుపక్కల ఆడితే సాలు, ఎర్రగ పోనియ్యకు. రాత్రి మూడు నాలుగు గంటల మధ్యల పాడు, అప్పుడు బోరు మోటర్లు, ఆటోలు ఉండవు, గొంతు గూడ నిద్రల ఉండి జర బరువుగ వస్తది, ఈ పాటలకు అదే కావాలె. ఫ్యాను ఆపాలె, ఎండకాలం అయితే చెమట కారంగనే పాడాలె, వేరే దారి లేదు. క్లిక్కు వద్దు. నీ కాలుతోని నేల మీద మెల్లగ తట్టుకో, ఆ సప్పుడు వచ్చినా ఏం గాదు. ఆఖర్ల పాట సౌండు సరిచేసే మాస్టరింగ్ చేసేటప్పుడు డీజే పాట లెక్క పగిలేటట్టు పెంచమనకు, స్పాటిఫై, యూట్యూబ్ ఎట్లయిన మైనస్ 14 లఫ్స్ (పాట ఎంత గట్టిగుందో కొలిచే లెక్క) దగ్గరికి కిందికి దింపుతయ్, నువ్వు పెంచి సాధించేది ఏం లేదు, ఊపిరి పోవుడు తప్ప.

పది పాటలు చెయ్యకు. ఆరు సాలు, పాతిక నిముషాలు. అండ్ల ఒక్కటన్న నవ్వొచ్చే పాట ఉండాలె, నీ నాయిన బొంబాయి నుంచి వచ్చి హిందీ మాట్లాడిన ముచ్చటనో ఏదో ఉంటది గదా. ఆరు ఏడుపు పాటలు వరసగ ఇనేంత ఓపిక సుట్టానికి గూడ ఉండదు.

ఇంట్లోళ్లను అడుగు. దీన్ని చాలమంది లెక్కల తీస్కోరు. మునుగోడు దిక్కు ఒక పాటగాడు వాళ్లన్న తాగుడు మీద పాట రాసిండు, మంచి పాట, నిజం పాట. రికార్డింగు అయిపోయినంక వాళ్ల వదిన నాకే ఫోను చేసింది. ఆయన ఎట్లున్నడో ఊరికి తెలుసు, నా పిల్లల బడిల ఎవలకు తెల్వదు అన్నా, అన్నది. రెండో చరణం తీసేసినం. పాట కొంచెం కుంటువడ్డది, అయినా తీసేసిందే మంచిదయింది అంటున్న ఇప్పటికి. నీ పాటల మేస్త్రి పేరు ఉంటది గదా, అసలు పేరు పెట్టకు, ఆయన పిల్లలు గూడ అదే ఊర్ల ఉంటరు. పాటల మేస్త్రి అంటే సాలు.

ఇగ పైసల సంగతి. నువ్వు అడగలే, కానీ అందరు మునిగేది ఈడనే. నేను ట్యూన్ కట్టిన పాట ఒకటి ఒక చానలోళ్లు పదిహేను వేలకు తీస్కున్నరు, కాయితం మీద ఏం రాసిందో సదవకుండ సంతకం పెట్టిన. పాట ఆడింది, పెండ్లిళ్లల్ల నా చెవుల్నే మోగింది, ఆ పదిహేను వేలు తప్ప రూపాయి రాలే. కాయితం సదవకపోవుడు నా తప్పే. కాబట్టి ఈ ఆల్బమ్ ఎవనికి అమ్మకు, మాస్టర్ ఫైళ్లు, అంటే అసలు రికార్డింగులు, నీ కాడనే పెట్టుకో, నీ సొంత చానల్ల ఇడువు, పాటలు యాప్‌లకు ఎక్కించే డిస్ట్రిబ్యూటర్ ద్వారా స్పాటిఫై, జియోసావన్ అన్నిట్ల ఏస్కో. పాట రాసుడు, బాణీ కట్టుడు నీదే కాబట్టి రాసినోళ్లకు, బాణీ కట్టినోళ్లకు రాయల్టీ వసూలు చేసిచ్చే సంఘం ఐపీఆర్ఎస్‌ల మెంబరు గా. 2012ల కాపీరైట్ చట్టం మార్చినంక రాసినోళ్లు, బాణీ కట్టినోళ్లు రాయల్టీ వాటా వదులుకుంటున్నం అని సంతకం పెట్టినా అది చెల్లదు, ఎవడన్న అసొంటి కాయితం తెస్తే గది చెప్పు. పాత జానపద బాణీ మీద కట్టినవనుకో, ఆ బాణీ ఊరందరిది, ఎప్పుడో ఎవడో యూట్యూబ్ల నాది అని క్లెయిమ్ ఏస్తడు, భయపడకు, నువ్వు ముందుగాల పాడిన ఫోన్ రికార్డింగు, తారీఖుతోని ఉన్న ప్రాజెక్టు ఫైలు దాచిపెట్టుకో, డిస్ప్యూట్ల పనికొస్తయ్.

స్పాటిఫై మీద ఆశ పెట్టుకోకు. 30 సెకన్లు ఇంటేనే ఒక స్ట్రీమ్, 2024 నుంచి ఏడాదిల 1,000 స్ట్రీములు దాటని పాటకు రూపాయి ఇయ్యరు. ఆ 30 సెకన్ల కోసమే డీజే పాటలోళ్లు మొదట్లనే పల్లవి పడేస్తరు. నువ్వు గా పని చెయ్యకు, నీ పాట మెల్లగనే మొదలుకానీ.

మరి ఎవలు ఇంటరు అంటవా? నా కాడ చేసిన ఇసొంటి పాటల కింద కామెంట్లు సదివి చెప్తున్న. రాత్రిపూట లారీ తోలేటోళ్లు, హాస్టల్ పోరగాండ్లు, బొంబాయి, పూణెల సైట్ల మీద ఉన్న మనోళ్లు. డీజే పాట నెలకు సచ్చిపోతది, ఇది మూడేండ్లయినా ఎవడో ఒకడు రాత్రి రెండింటికి ఇని రెండు లైన్లు రాసిపోతడు. ఒకాయన అయితే కామెంట్ల వాళ్ల నాయిన ఏ సైటు మీద పనిచేసిండో, ఎన్నో అంతస్తుల మీదికెల్లి పడ్డడో అంత రాసిండు. ఇల్లు గడవాలె కాబట్టి పెండ్లి సీజన్ల డీజే పాటలు పాడుడు బంద్ చెయ్యకు, అండ్ల సిగ్గుపడేది ఏం లేదు, ఆ పైసలతోనే ఇది చెయ్యి.

ఒక పాట రాసినంక ఫోన్ల పాడి పెట్టు, నా రూముకు వచ్చే పని లేదు, ఇనే చెప్త. పెట్టె పాట ముందు రాయి. ఆ పెట్టెకు తాళం ఉంది అన్నవ్, చెవి ఎవల కాడుందో రాయలే. మీ అమ్మనడుగు.